గూగుల్‌లో కనిపించకూడని పేజీని ఏం చేయాలి? రోబోట్స్ ఫైలా, నోఇండెక్సా, కెనానికలా, 301ఆ, పూర్తిగా తీసేయడమా?

వంటల సైట్ నడిపేవాళ్లు రాసింది 300 వంటలే అయినా, సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే టూల్) పేజీల రిపోర్టు తెరిస్తే వేలల్లో యూఆర్ఎల్‌లు, అంటే పేజీల చిరునామాలు, కనిపించడం మామూలే. అవేవీ ఎవరూ కూర్చుని రాసినవి కావు. ట్యాగ్‌కో పేజీ, నెలకో పేజీ, సైట్‌లోని వెతుకు పెట్టెలో ఎవరో ఏదో టైప్ చేస్తే దానికో పేజీ పుట్టుకొస్తాయి. తెలుగులో ఇంకో చిక్కు ఉంది. పదాల్ని ఒకసారి కలిపి, ఒకసారి విడదీసి రాస్తాం. "గుత్తి వంకాయ", "గుత్తివంకాయ", "గుత్తొంకాయ" అని మూడు ట్యాగ్‌లు పెడితే ఒకే కూరకు మూడు పేజీలు తయారవుతాయి.

ఇది చూసి టెన్షన్ పడినవాళ్లు మొదట చేసే పని రోబోట్స్ ఫైల్‌లో (ఏ పేజీలు చదవొద్దో గూగుల్‌కు చెప్పే robots.txt) నాలుగు లైన్లు రాసేయడం. ఎక్కువసార్లు అదే తప్పు మందు. పేజీని గూగుల్ నుంచి తప్పించడానికి కనీసం అరడజను మార్గాలున్నాయి. పైకి అన్నీ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి కానీ లోపల ఒక్కోటి ఒక్కో పని చేస్తుంది. రెండు కలిపితే ఒకదాన్నొకటి చెడగొట్టేవీ వాటిలో ఉన్నాయి.

## ముందు ఈ ఐదు ప్రశ్నలు

ఏ మార్గం మంచిదని అడిగే ముందు, ఆ పేజీ గురించి వీటికి జవాబు రాసుకోండి. కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది.

1. ఈ పేజీ మనుషులకు ఇంకా కావాలా? సైట్‌లోకి వచ్చినవాళ్లు దీన్ని తెరవాలా?
2. దీని బదులు చూపించగల ఇంకో పేజీ ఉందా?
3. బయటి సైట్‌లు దీనికి లింక్ ఇచ్చాయా? ఇచ్చి ఉంటే ఆ లింకుల వల్ల గూగుల్‌లో వచ్చే బలం పోయినా ఫర్వాలేదా?
4. సమస్య ఎక్కడుంది? గూగుల్ ఈ పేజీలను పదేపదే చదవడమా, ఫలితాల్లో చూపించడమా? ఈ రెండూ వేరు. మొదటిదాన్ని క్రాల్ అంటాం, రెండోది ఇండెక్స్‌కు, అంటే గూగుల్ దగ్గరున్న పేజీల పట్టికకు, సంబంధించింది.
5. ఇందులో ఎవరి వ్యక్తిగత వివరాలైనా ఉన్నాయా?

ఐదో ప్రశ్నకు అవును అయితే మిగతా నాలుగూ పక్కన పెట్టేయండి. దాని దారి వేరు, కింద చెబుతాను. మిగతావాటికి ఉన్న మార్గాలు ఈ పట్టికలో ఉన్నాయి, ఒక్కోదాని వివరం ఆ తర్వాత.

| మార్గం | గూగుల్ పేజీని చదువుతుందా | ఫలితాల్లో కనిపిస్తుందా | మనుషులకు తెరుచుకుంటుందా | బయటి లింకుల బలం |
|---|---|---|---|---|
| రోబోట్స్ ఫైల్‌లో ఆపడం | చదవదు | కనిపించే అవకాశం ఉంది | అవును | ఎటూ చేరదు |
| నోఇండెక్స్ | చదువుతుంది | కనిపించదు | అవును | క్రమంగా పోతుంది |
| కెనానికల్ | చదువుతుంది | మామూలుగా అసలు పేజీయే కనిపిస్తుంది | అవును | అసలు పేజీకి చేరుతుంది |
| 301 | దారి మళ్లుతుంది | కొత్త పేజీ కనిపిస్తుంది | కొత్త పేజీ తెరుచుకుంటుంది | కొత్త పేజీకి చేరుతుంది |
| 404 లేదా 410 | పేజీ లేదని తెలుసుకుంటుంది | కొన్నాళ్లకు పోతుంది | లేదు | పోతుంది |
| పాస్‌వర్డ్ | చదవలేదు | పేజీలోని సమాచారం కనిపించదు | పాస్‌వర్డ్ ఉన్నవాళ్లకే | పోతుంది |

## రోబోట్స్ ఫైల్

1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఇరవై ఎనిమిదేళ్లు మర్యాద ఒప్పందంలాగే నడిచి, 2022లో ఆర్ఎఫ్‌సీ 9309 పేరుతో ప్రమాణంగా రాతలోకి వచ్చింది. ఇప్పటికీ దాని స్వభావం మర్యాదే. "దయచేసి ఇటు రావద్దు" అని చెప్పగలదు తప్ప తలుపు వేయలేదు.

ఇక్కడే పెద్ద అపోహ ఉంది. రోబోట్స్ ఫైల్ ఆపేది చదవడాన్ని మాత్రమే. బయటి సైట్ ఏదైనా ఆ పేజీకి లింక్ ఇస్తే, లోపల ఏముందో చూడకుండానే గూగుల్ ఆ యూఆర్ఎల్‌ను ఫలితాల్లో పెట్టగలదు. అలాంటప్పుడు కింద వివరణ ఉండాల్సిన చోట ఈ పేజీ గురించి సమాచారం లేదన్న మాట వస్తుంది. సెర్చ్ కన్సోల్‌లో "రోబోట్స్ ఫైల్ ఆపినా ఇండెక్స్ అయింది" అనే అర్థంతో వచ్చే హెచ్చరిక దీని గురించే.

మరి ఇది దేనికి పనికొస్తుంది? అంతులేకుండా పుట్టే యూఆర్ఎల్‌లను గూగుల్ చదువుతూ పోకుండా ఆపడానికి. ఆ అవసరం కూడా అందరికీ ఉండదు. గూగుల్ తన మార్గదర్శకాల్లో క్రాల్ బడ్జెట్ (ఒక సైట్‌లో గూగుల్ ఎన్ని పేజీలు చదువుతుందనే హద్దు) గురించి ఆలోచించమని చెప్పేది 10 లక్షల పేజీలు దాటి వారానికోసారి మారే సైట్‌లకు, లేదా 10 వేల పేజీలు దాటి రోజూ మారే సైట్‌లకు. 300 వంటల సైట్‌కు ఆ దిగులు అక్కర్లేదు.

వాడాల్సి వస్తే రెండు జాగ్రత్తలు. ఈ ఫైల్‌లోని నియమం యూఆర్ఎల్ మొదటి భాగంతో పోల్చుకుంటుంది. "/వంట" అని ఆపితే "/వంటలు", "/వంటగది" కూడా ఆగిపోతాయి. చివర గీత పెట్టి "/వంట/" అని రాస్తే ఆ ఫోల్డర్ వరకే ఆగుతుంది. రెండోది, ఈ ఫైల్‌ను ఎవరైనా తెరిచి చదవొచ్చు. రహస్య ఫోల్డర్ పేరు అందులో రాయడమంటే దాని చిరునామా ఊరందరికీ చెప్పడమే.

## నోఇండెక్స్

పేజీ మనుషులకు ఉండాలి, గూగుల్ ఫలితాల్లో మాత్రం ఉండకూడదు అనుకుంటే సరైన పరికరం ఇది. పేజీ కోడ్ పైభాగంలో, మనుషులకు కనిపించని ఒక మెటా ట్యాగ్ పెడితే చాలు. పీడీఎఫ్‌ల లాంటి ఫైళ్లలో మెటా ట్యాగ్ పెట్టే వీలు లేదు కాబట్టి ఫైల్‌తో పాటు సర్వర్ పంపే హెడర్ సమాచారంలో ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ ద్వారా ఇదే మాట చెప్పొచ్చు. ధన్యవాదాల పేజీ, కార్ట్ పేజీ, సైట్‌లోని వెతుకులాట ఫలితాలు, ఒక్క పోస్టే ఉన్న ట్యాగ్ పేజీలు, వీటన్నిటికీ నా ఓటు దీనికే.

నోఇండెక్స్ పని చేయాలంటే గూగుల్ ఆ పేజీని తెరిచి ఆ ట్యాగ్ చదవాలి. అదే పేజీని రోబోట్స్ ఫైల్‌లో కూడా ఆపితే, గేటుకు "లోపలికి రావద్దు" అని బోర్డు తగిలించి, "మా సంగతి బయట చెప్పకండి" అన్న చీటీని హాల్లో గోడకు అంటించినట్టే. చీటీ ఎవరూ చదవరు. ఒక చిన్న దుకాణం సైట్‌కు పనిచేస్తున్న రోజుల్లో నేనే ఈ పొరపాటు చేశాను. గట్టిగా ఉంటుందని రెండూ పెట్టాను. నెలలు గడిచినా కార్ట్ పేజీలు ఫలితాల్లోంచి కదల్లేదు. రోబోట్స్ ఫైల్‌లో ఆ లైన్ తీసేశాక, గూగుల్ మళ్లీ వచ్చి చదివాక ఒక్కొక్కటిగా పోయాయి. అప్పటినుంచి ఎవరి సైట్ చూసినా మొదట వెతికేది ఈ జంటనే.

రోబోట్స్ ఫైల్‌లోనే నోఇండెక్స్ అని రాయమనే పాత సలహా ఇంకా తిరుగుతూనే ఉంది. అది ఎప్పుడూ అధికారిక పద్ధతి కాదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి గూగుల్ దాన్ని పట్టించుకోవడం పూర్తిగా మానేసింది.

నోఇండెక్స్‌కు చెల్లించాల్సిన ధర కూడా ఉంది. చాలాకాలం నోఇండెక్స్‌లో ఉన్న పేజీని గూగుల్ అరుదుగా చదువుతుంది, అందులోని లింకుల వెంట వెళ్లడమూ మానేస్తుంది. పాత పోస్టులకు దారి కేటగిరీ పేజీల్లోంచి మాత్రమే ఉన్నప్పుడు, ఆ కేటగిరీలకు నోఇండెక్స్ పెడితే పాత పోస్టులు కూడా దెబ్బతింటాయి. ట్యాగ్‌లకు పెట్టండి, కేటగిరీల జోలికి పోకండి అని నేను చెప్పేది ఇందుకే.

## కెనానికల్

ఒకే సమాచారం రెండు మూడు యూఆర్ఎల్‌లలో ఉంటే "వీటిలో అసలుది ఇది" అని చెప్పే ట్యాగ్. 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చాయి. వాట్సాప్ ప్రచారం కోసం యూఆర్ఎల్ చివర తగిలించే ట్రాకింగ్ ముక్కలు, ప్రింట్ కోసం విడిగా ఉన్న పేజీ, ధర తక్కువ నుంచి ఎక్కువకు వరుస మార్చిన పేజీ, వీటికి ఇది చక్కగా సరిపోతుంది. లింకుల బలం అసలు పేజీలో చేరుతుంది, మనుషులకూ ఇబ్బంది ఉండదు.

అయితే ఇది ఆజ్ఞ కాదు, సూచన. గూగుల్‌కు నచ్చకపోతే ఇంకో పేజీని అసలుదిగా ఎంచుకుంటుంది. సెర్చ్ కన్సోల్‌లో యూఆర్ఎల్ తనిఖీ చేస్తే మీరు చెప్పిన కెనానికల్, గూగుల్ ఎంచుకున్న కెనానికల్ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. రెండూ వేరుగా ఉంటే మీ సైట్ రెండు మాటలు చెబుతోందేమో చూడండి. కెనానికల్ ఒక పేజీని చూపిస్తుంటే సైట్‌మ్యాప్‌లో (గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితా) ఇంకోటి ఉండటం, మెనూలో లింకులు మూడోదానికి వెళ్లడం ఎన్నో సైట్‌లలో చూశాను.

కెనానికల్ వాడకూడని చోట్లు రెండున్నాయి. ఒకటి, జాబితాలో 2, 3, 4 పేజీలను మొదటి పేజీకి కెనానికల్ చేయడం. వాటిలో ఉన్న వస్తువులు వేరు కాబట్టి అవి నకళ్లు కావు. రెండోది మనవాళ్లు ఎక్కువగా చేసేది: ఇంగ్లిష్ పేజీని తెలుగు పేజీకి, లేదా తెలుగు పేజీని ఇంగ్లిష్ పేజీకి కెనానికల్ చేయడం. భాష మారితే అది నకలు కాదు. రెండూ విడిగా ఇండెక్స్ కావాలి, రెండిటినీ హెచ్‌రెఫ్‌లాంగ్‌తో, అంటే ఏ పేజీ ఏ భాషదో చెప్పే గుర్తుతో, కలపాలి. ఇలా కలపకుండా తెలుగు పేజీని ఇంగ్లిష్‌కు కెనానికల్ చేస్తే, తెలుగులో వెతికేవాళ్లకు మీరు రాసింది దొరకదు.

## 301

301 అంటే పాత యూఆర్ఎల్ తెరిచినవాళ్లను కొత్తదానికి శాశ్వతంగా మళ్లించడం. పాత పేజీ అక్కర్లేదు, దాని బదులు ఇంకోటి ఉంది అనుకుంటే 301 కంటే గట్టి సంకేతం లేదు. తాత్కాలికమైతే 302. పండగ ఆఫర్ పేజీకి పది రోజులు మళ్లించడానికి 302 చాలు. డొమైన్ మార్చినా, ట్యాగ్‌లు కలిపినా 301 పెట్టాలి. గుత్తి వంకాయ ట్యాగ్‌ల చిక్కుకు అసలు పరిష్కారం ఇదే: ఒక రూపం ఎంచుకోండి, మిగతా రెండిటి పోస్టుల్ని దాని కిందకు తెచ్చి, ఆ రెండు ట్యాగ్‌లు తీసేసి, వాటి యూఆర్ఎల్‌లను మొదటిదానికి మళ్లించండి.

తెలుగు లిపిలో యూఆర్ఎల్‌లు ఉన్న సైట్‌లకు ఇది తరచూ అవసరం పడుతుంది. యూఆర్ఎల్ లోపల తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ 9 గుర్తులుగా మారతాయి. "తెలుగు" అన్న చిన్న మాటే 54 గుర్తులు. సైట్‌లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో స్లగ్‌కు, అంటే యూఆర్ఎల్‌లో పోస్టు పేరు ఉండే భాగానికి, హద్దు 200 గుర్తులు. అందుకే "ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు" అని శీర్షిక పెడితే స్లగ్ "ఆంధ్రప్రదేశ్-పదో-తరగతి-ఫ" దగ్గర తెగిపోతుంది. "ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫీజు" అని ఇంకో పోస్టు రాస్తే దానికీ అదే స్లగ్ వచ్చి, చివర 2 అంకె చేరుతుంది. కొన్నాళ్లకు ఇది చూసి విసిగి స్లగ్‌లను ఇంగ్లిష్ అక్షరాల్లోకి మారుస్తారు. విడిగా ఒక పోస్టు స్లగ్ మారిస్తే వర్డ్‌ప్రెస్ పాతది గుర్తు పెట్టుకుని తనే దారి మళ్లిస్తుంది. మొత్తం సైట్‌ను వేరే చోటికి మార్చితే ఆ పని మీరే చేయాలి. పాతది ఒక కాలమ్‌లో, కొత్తది పక్క కాలమ్‌లో ఉన్న షీట్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి.

దారి నేరుగా ఉండాలి. ఒకటి రెండోదానికి, రెండోది మూడోదానికి మళ్లే గొలుసులు పెరిగితే, పది మెట్లు దాటాక గూగుల్‌బాట్ (గూగుల్ తరఫున పేజీలు చదివే ప్రోగ్రామ్) వెనక్కి తిరుగుతుంది. పెట్టిన 301ను కనీసం ఏడాది ఉంచాలని గూగుల్ చెబుతుంది, వీలైతే ఎప్పటికీ ఉంచమని నా సలహా. తీసేసిన పేజీలన్నిటినీ హోమ్ పేజీకి మళ్లిస్తే మాత్రం లాభం లేదు. గూగుల్ దాన్ని పేజీ లేనట్టే లెక్కిస్తుంది. పచ్చడి కోసం వచ్చినవాళ్లు హోమ్ పేజీ చూసి వెనక్కి పోతారు.

పాత యూఆర్ఎల్‌ను రోబోట్స్ ఫైల్‌లో ఆపి ఉంటే ఈ 301 కూడా గూగుల్‌కు కనిపించదు. హాల్లో చీటీ కథే ఇక్కడా.

## 404, 410

బదులు పేజీ లేదు, మనుషులకూ అక్కర్లేదు అంటే తీసేయండి. 404, అంటే పేజీ దొరకలేదని సర్వర్ ఇచ్చే జవాబు, రావడం తప్పేమీ కాదు. సెర్చ్ కన్సోల్‌లో 404లు చూసి భయపడి అన్నిటినీ ఎక్కడికో ఒకచోటికి మళ్లించేవాళ్లను చూస్తుంటాను, ఆ శ్రమ అక్కర్లేదు. 410 అంటే "కావాలనే తీసేశాం" అని. గూగుల్ ఈ రెండిటినీ దాదాపు ఒకేలా చూస్తుంది కాబట్టి మీ సర్వర్‌లో ఏది తేలికైతే అది పెట్టుకోండి.

చూసుకోవాల్సింది ఒక్కటే. పేజీ మీద "దొరకలేదు" అని రాసి ఉన్నా సర్వర్ లోపల 200 అని, అంటే అంతా బాగుందని, జవాబు ఇస్తుంటే గూగుల్ అయోమయంలో పడుతుంది. జావాస్క్రిప్ట్‌తో కట్టిన సైట్‌లలో ఇది ఎక్కువ.

## మీరు ఎవరైతే ఏది

వంటలు, భక్తి, కథల సైట్ ఒంటరిగా నడిపేవాళ్లు: రోబోట్స్ ఫైల్ ముట్టుకోకండి. నెలవారీ ఆర్కైవ్‌లకు, వెతుకులాట పేజీలకు, చిన్న ట్యాగ్‌లకు వర్డ్‌ప్రెస్‌కు జోడించే యోస్ట్ లేదా ర్యాంక్ మ్యాథ్ ప్లగిన్‌లో నోఇండెక్స్ పెట్టండి. తర్వాత ఒక ఆదివారం కూర్చుని ట్యాగ్‌లు కలపండి. ఫొటోలకు విడిగా పుట్టే అటాచ్‌మెంట్ పేజీలు వర్డ్‌ప్రెస్ 6.4 తర్వాత మొదలైన సైట్‌లలో ఉండవు, పాత సైట్‌లైతే ప్లగిన్‌లోనే ఆపొచ్చు.

చీరల దుకాణం: అసలు కష్టం మీదే. 8 రంగులు, 5 ధరల శ్రేణులు, 6 రకాల నేత, 4 రకాల వరుస పెడితే ఒక్క జాబితా నుంచే 960 పేజీలు పుడతాయి. వరుస మార్చే యూఆర్ఎల్‌లకు కెనానికల్ పెట్టండి. రెండు మూడు ఫిల్టర్లు కలిసిన యూఆర్ఎల్‌లను, అవి ఇంకా ఇండెక్స్ కాకముందే అయితే, రోబోట్స్ ఫైల్‌లో ఆపడం న్యాయమే. ఇప్పటికే ఇండెక్స్ అయి ఉంటే ముందు నోఇండెక్స్, అవి పోయాక ఆ తర్వాతే రోబోట్స్ ఫైల్. ఈ వరుస తారుమారు కాకూడదు. "మంగళగిరి పట్టు చీరలు", "పోచంపల్లి ఇక్కత్" లాంటివి మాత్రం జనం నిజంగా వెతికే మాటలు. వాటిని ఫిల్టర్‌గా వదలకండి, నాలుగు మాటలు రాసి సొంత కేటగిరీ పేజీలు చేయండి. అమ్ముడైపోయిన చీర మళ్లీ వచ్చేదైతే పేజీ ఉంచండి. మగ్గం మీద ఒక్కటే నేసినదైతే, దానికి దగ్గరి చీర ఉంటే 301, లేకపోతే 404.

కాలేజీ, ఆఫీసు సైట్ చూసేవాళ్లు: విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న పీడీఎఫ్ గూగుల్‌లో దొరుకుతోందని ఫోన్ వస్తే, మొదట ఆ ఫైల్‌ను సర్వర్ నుంచి తీయండి. తర్వాత సెర్చ్ కన్సోల్‌లోని తొలగింపుల టూల్‌లో అడగండి. ఆ టూల్ ఫలితాన్ని దాదాపు ఆరు నెలలు దాచుతుంది అంతే. ఫైల్ సర్వర్‌లో అలాగే ఉంటే గడువు తీరాక మళ్లీ బయటపడుతుంది. బింగ్‌లో విడిగా అడగాలి. అలాంటి ఫైళ్లు ఇకమీదట లాగిన్ వెనకే ఉండాలి. నోఇండెక్స్ కూడా ఇక్కడ చాలదు, లింక్ తెలిసిన ఎవరైనా తెరవగలరు.

సైట్‌లు కట్టి ఇచ్చే డెవలపర్లు: తయారీలో ఉన్న సైట్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో, రీడింగ్ కింద, సెర్చ్ ఇంజిన్‌లను ఆపే టిక్కు ఒకటి ఉంటుంది. 5.3 వెర్షన్ నుంచి అది రోబోట్స్ ఫైల్ బదులు నోఇండెక్స్‌తో పనిచేస్తోంది కాబట్టి మునుపటికంటే గట్టిది. గట్టిది కాబట్టే ప్రమాదం కూడా. సైట్ బయటికి వదిలిన రోజు ఆ టిక్కు తీయడం మర్చిపోతే, ఉన్న ఇండెక్స్ కూడా మెల్లగా ఖాళీ అవుతుంది. పాస్‌వర్డ్ తీయడం మర్చిపోతే అదే రోజు ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబుతారు. టిక్కు సంగతి వారాల తర్వాత ట్రాఫిక్ పడిపోయాకే తెలుస్తుంది. నేను పాస్‌వర్డ్ వైపు మొగ్గడానికి కారణం అదే.

ఏది చేసినా ఒక్కసారే సైట్ అంతటా చేయకండి. ఒక రకం పేజీలతో మొదలుపెట్టి, వాటిలో ఐదారింటిని యూఆర్ఎల్ తనిఖీలో పెట్టి, గూగుల్ చివరిసారి ఏ తేదీన చదివిందో చూడండి. ఆ తేదీ మీరు మార్పు చేసిన రోజుకంటే ముందుదైతే గూగుల్ ఇంకా రాలేదని అర్థం. అప్పుడే ఇంకో మార్పు చేసి మొదటిదాన్ని కలగాపులగం చేయకుండా, ఆ తేదీ మారేదాకా ఆగండి.